ఊటీలో ఉడకని పప్పు

పెళ్లయిన ఆరో నెలలో మేము ఊటీ వెళ్లాం. మేము అంటే నేను, మా ఆయన, మా అత్తమ్మ. ఈ మాట చెప్పినప్పుడల్లా వినేవాళ్లు ముసిముసిగా నవ్వుతారు, కొత్త పెళ్లాన్ని తీసుకుని ఊటీకి పోతూ తల్లిని కూడా వెంటబెట్టుకున్నాడా అని. నవ్వుకోనివ్వండి. నిజానికి ఆ ప్రయాణం పెట్టుకున్నదే మా అత్తమ్మ కోసం. ఆమె నోటి నుంచి ఒక్క మాట రాబట్టుకోవాలని అంత దూరం పోయాం.

అది పంతొమ్మిది వందల అరవై మూడో, అరవై నాలుగో. మా ఆయన జహీరాబాద్ స్టేషన్‌లో పార్శిల్ గుమాస్తా. చెరుకు బెల్లం, అల్లం బస్తాలు, ఆలుగడ్డ సంచులు తూచి చీటీలు రాసీ రాసీ, ఏ వస్తువు కంటబడినా ముందు దాని బరువు అంచనా కట్టడం ఆయనకు అలవాటైపోయింది. పెళ్లిచూపుల్లో నన్ను కూడా మనసులో తూచానని తర్వాత చెప్పాడు. ఎంత తూగానో మాత్రం ఈనాటికీ చెప్పలేదు. మంచివాడే, కానీ తల్లి ముందు నోట్లో నాలుక ఉండదు. నాకేమో కోపం ముక్కు మీద ఉంటుంది. మా అత్తమ్మకు రెండూ ఉన్నాయి, నాలుకా, కోపమూ.

మా పుట్టిల్లు చిరాగ్‌పల్లి. మా నాయన బొంబాయి రోడ్డు మీద లారీల టైర్లకు పంక్చర్లు వేసేవాడు. ఆయనకు చదువు లేదు కాబట్టి నన్ను మెట్రిక్ దాకా చదివించాడు. పెళ్లికి ముందే టీచర్ ట్రైనింగ్‌కు దరఖాస్తు పెట్టి ఉన్నాను. సీటు వచ్చినట్టు కాగితం పెళ్లయ్యాక, మే నెలలో, మా నాయన చేతికి వచ్చింది. మెదక్‌లో ఏడాది హాస్టల్‌లో ఉండి చదవాలి. జులై ఒకటో తారీకున చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ కాగితాన్ని పట్టుకుని నేను రెండు రోజులు నిద్రపోలేదు. ఆ ఒక్క ఏడాది దొరికితే నా బతుకు నా చేతిలో ఉంటుందని, దొరక్కపోతే ఇక జన్మలో దొరకదని నాకు గట్టిగా అనిపించింది.

కాగితం మీద భర్త సంతకం చాలు. కానీ మా ఇంట్లో తల్లి ఊఁ అనకుండా ఆయన చొక్కా గుడ్డ కూడా కొనడు. ఆయనకు కాగితం చూపించాను. చదివి, మడిచి, మళ్లీ చదివాడు.

"నాకైతే మంచిగనే అనిపిస్తున్నది. అమ్మను అడగాలె" అన్నాడు.

"ఎవరడుగుతరు?"

"నేనే అడుగుత. జర సమయం చూసి." సమయం చూస్తూ చూస్తూ పదిహేను రోజులు గడిపాడు. ఒకరోజు స్టేషన్ నుంచి వచ్చి, పెద్ద ఉపాయం దొరికినవాడిలా చెప్పాడు. "ఫ్రీ పాసు ఉన్నది గద, జూన్ ఆఖరుకు చెల్లిపోతది. ఊటీకి పోదాం. అక్కడ చల్లగుంటది. అమ్మ గూడ జర చల్లబడ్తది. కొండ ఎక్కినంక అడుగుత."

రైల్వే వాళ్లకు ఇచ్చే ఆ పాసులో భార్యకూ, భర్త పోయిన తల్లికీ చోటుంటుంది. రైలుకు పైసా ఖర్చు లేదు. సీజన్ అయిపోయి వానలు మొదలయ్యాయి కాబట్టి సత్రంలో గది చౌకగా దొరుకుతుంది. తిండి మనమే వండుకుంటే మూడు రోజులు ఊటీలో ఉండిరావడానికి ఇంట్లో ఉన్నంత ఖర్చే అవుతుందని ఆయన లెక్క.

"ఊటీల ఏ దేవుడున్నడు?" అని అడిగింది మా అత్తమ్మ.

"దేవుని కోసం కాదమ్మా. చల్లగాలి ఉంటది."

"గాలి కోసం గింత దూరమా? మనింటికి వస్తలేదా గాలి?" అన్నది కానీ, పాసు మురిగిపోతుందన్న మాట ఆమెకు బాగా తగిలింది. ఏ వస్తువైనా వృథాగా పోతుంటే ఆమె చూడలేకపోయేది. రెండో రోజే మూటలు కట్టడం మొదలుపెట్టింది.

ఆమె హోటలు తిండి ముట్టదు. అందుకని బియ్యం, జొన్నపిండి, ఎండుమిరపకాయలు, చింతపండు, తొక్కు జాడీ, రొట్టెల పెంక, బొగ్గుల పొయ్యి అన్నీ సర్దింది. పిడకలు కూడా పెట్టబోతే మా ఆయన కాళ్లావేళ్లా పడి ఆపాడు. అన్నిటికన్నా జాగ్రత్తగా కట్టింది కందిపప్పు. ఆమె పుట్టిల్లు న్యాల్‌కల్ దగ్గర, కన్నడ సరిహద్దున. ప్రతి ఏడూ పంట ఇంటికి రాగానే వాళ్ల అన్న చెల్లెలి వాటా అని ఒక బస్తా కందులు పంపేవాడు. ఇంట్లోనే తిరగలిలో విసిరి పప్పు చేసుకునేది. "మా అన్న చేన్ల పప్పు ఒక్క ఉడుకుకు వెన్నయితది" అని ఎవరొచ్చినా చెప్పేది. నేను ఆ మాట ఆరు నెలల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మూటలన్నీ మా ఆయన స్టేషన్ కాటా మీద పెట్టి తూచి, పాసుకు ఇచ్చిన బరువుకు మించలేదని చూసుకుని రైలెక్కించాడు. వికారాబాదులో మారాం, వాడి జంక్షన్‌లో మారాం, అరక్కోణంలో మారాం. మారినప్పుడల్లా మా అత్తమ్మ పొయ్యి మోసింది, ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. మేట్టుపాళయంలో కొండ రైలెక్కాక, ఇంజను ముందు కాక వెనక ఉండి తోయడం చూసి ఆమెకు అనుమానం వచ్చింది.

"తోసేటోడు అలిసిపోతే?" అంది.

"కింద పండ్ల పట్టా ఉన్నదమ్మా. చక్రం పండ్లు దాంట్ల ఇరుక్కుంటయి. వెనకకు రాదు" అని మా ఆయన చెప్పాడు. ఒక వంతెన మీద, కింద లోయ తప్ప ఇంకేం కనిపించని చోట, ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వంతెన దాటగానే వదిలేసి, ఏమీ జరగనట్టు పైట సర్దుకుంది. ఇదే సమయం అన్నట్టు నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కిటికీ లోంచి తేయాకు తోటల్ని చూస్తున్నాడు.

ఊటీలో దిగేసరికి సన్నటి వాన. మంచు కళ్లముందే కదులుతోంది. సీజన్‌లో వచ్చే దొరబాబుల్లాగా మాకు స్వెట్టర్లు లేవు. మా అత్తమ్మ గొంగడి తీసి కప్పుకుంది. నాకు ఒకటి ఇవ్వబోతే, ఊటీలో గొంగడి కప్పుకుని తిరగడమా అని సిగ్గుపడి వద్దన్నాను. సత్రం చేరేలోపే పళ్లు టకటకమన్నాయి, అడిగి మరీ తీసుకుని కప్పుకున్నాను. ఆమె చూసిన చూపు చాలు.

సత్రం కాపలాదారుకు తమిళం ఒక్కటే వచ్చు. నేను మెట్రిక్ పాసైన దాన్ని, తెలుగు, ఉర్దూ, కాస్త ఇంగ్లిషు తెలిసిన దాన్ని, ముందుకు పోయి మూడు భాషల్లోనూ గది అడిగాను. అతను మూడింటికీ తలూపి అక్కడే నిలబడ్డాడు. అంతలో లోపల అతని భార్య పాలవాడితో గొడవ పడటం వినిపించింది. మా అత్తమ్మ చెవులు నిక్కించింది. అది కన్నడం. మైసూరు కన్నడం, మా వైపు కన్నడం వేరువేరే అయినా మాట కలిసింది. అయిదు నిమిషాల్లో గది దొరికింది, పొయ్యి పెట్టుకోవడానికి వరండా దొరికింది, బొగ్గులు ఎక్కడ చౌకో తెలిసింది. మా ఆయనకు కన్నడం అర్థమవుతుంది కానీ మాట్లాడాలంటే సిగ్గు. ఆ మూడు రోజులూ మా ముగ్గురికీ నోరు మా అత్తమ్మే. నేను మూగదాన్ని. నాకది ఎంత ఒళ్లు మండిందో చెప్పలేను.

ఆ సాయంత్రం వంట నా వంతు. అన్నం ఎలాగో దించి పప్పు పొయ్యి మీద పెట్టాను. నీళ్లు చూస్తూ చూస్తూ ఉండగానే తెర్లి మరగడం మొదలుపెట్టాయి. అరగంటయింది, గంటయింది, గంటన్నరయింది. పప్పు ఎసట్లో కిందికీ మీదికీ ఎగురుతోంది కానీ మెదపడానికి లొంగడం లేదు. వేలుతో నొక్కితే రాయి. ఒక పూట బొగ్గులన్నీ అయిపోయాయి. చివరికి చింతపండు పిండి, అలాగే దించాను.

మా అత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. "ఉప్పు ముందే ఏసినవు" అన్నది.

"ఏయలె అత్తమ్మా."

"ఏసినవు. లేకుంటే మా అన్న చేన్ల పప్పు గిట్లుంటదా. పులుసు గూడ ముందే పోసినట్టున్నవు."

ఉప్పు ముందు వేస్తే పప్పు ఉడకదని నాకు మాత్రం తెలియదా? చేయని తప్పుకు మాట పడటం నాకు చేతకాదు. ఎందుకు ఉడకలేదో అప్పుడు తటాలున తట్టింది. తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో ఉంది, ఎత్తు మీదికి పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి అని. పరీక్ష కోసం బట్టీ పట్టానే కానీ చదివినప్పుడు నేనూ నమ్మలేదు.

"ఇది నా తప్పు కాదు, కొండ తప్పు. ఇక్కడ గాలి బరువు తక్కువ. నీళ్లు తొందరగ మరుగుతయి గానీ మన ఇంట్ల మరిగినంత వేడి ఉండయి" అన్నాను.

"మరిగే నీళ్లు వేడి ఉండయా?" అని మా అత్తమ్మ నవ్వింది.

"గాలికి బరువుంటదా?" అన్నాడు మా ఆయన. ఆయనకు నిజంగానే ఆశ్చర్యం. "ఉంటే మేము ఖాళీ పెట్టెలకు గూడ చార్జి వెయ్యాలె గద."

"మీరు ఊకోండ్రి" అన్నాను.

"చదువుకున్నోళ్లు తప్పు ఒప్పుకోరు, దేనికన్న ఒక మాట చెప్తరు" అన్నది మా అత్తమ్మ, కంచం పక్కకు జరుపుతూ. మా ఆయన మాత్రం జర పలుకుగా ఉన్నా బాగుందంటూ మొత్తం తినేశాడు. ట్రైనింగ్ మాట ఎత్తడానికి అది సమయం కాదని నాకే తెలిసిపోయింది.

రెండో రోజు పెద్ద తోట చూశాం, చెరువు చూశాం. తోటలో అడుగుతానన్నాడు, అమ్మ పూలు చూస్తున్నది కదా చూడనీ అన్నాడు. చెరువు దగ్గర అడుగుతానన్నాడు, అమ్మ కాళ్లు నొస్తున్నాయట అన్నాడు. జులై ఒకటికి పన్నెండు రోజులుంది. సత్రానికి తిరిగొచ్చే దారిలో ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయనకు ఆ సంగతి సత్రం చేరాక తెలిసింది.

ఆ సాయంత్రం మా అత్తమ్మ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. "నేను చూపిస్త పప్పు ఎట్ల ఉడుకుతదో" అని గొంగడి కప్పుకుని వరండాలో తానే కూర్చుంది. పప్పు రెండుసార్లు కడిగింది, చెంచాడు నూనె వేసింది, పసుపు వేసింది. బొగ్గులు కొసరకుండా వేసింది. నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. గంటయింది, రెండు గంటలు కావొచ్చింది. పప్పు నిన్నటిలాగే ఎగురుతోంది. అబద్ధం ఎందుకు, నా కడుపు చల్లబడింది. ఇప్పుడు చెప్పమను, ఉప్పు ఎవరేశారో, అనుకున్నాను.

అప్పుడామె సంచిలో చెయ్యి పెట్టి పచ్చి పప్పు గుప్పెడు తీసింది. అరచేతిలో పరిచి, వెలుతురుకు పట్టి, ఒక్కో బద్దనూ తిప్పి చూసింది.

"మా అన్న ఉన్నన్ని దినాలు గిట్ల కాలె" అన్నది. నాతో కాదు, తనలో తను అనుకున్నట్టు. "పోరగాండ్లు మంచి కందులు అమ్ముకొని నాకు ఇవి పంపిన్రు. ఇగ ఆ ఇంట్ల నాకు ఏం లేదు."

వాళ్ల అన్న పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆ ఏడు బస్తా పంపింది ఆయన కొడుకులు. నాకు ఈ సంగతి తెలుసు, కానీ ఆ పప్పు ఆమెకు ఏమిటో అప్పటిదాకా నా బుర్రకు ఎక్కలేదు. ఆమె పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఆరు నెలల్లో ఆమె కంటతడి నేను చూడలేదు. నా సంతోషం మీద నాకే అసహ్యం వేసింది.

"పప్పు మంచిదే అత్తమ్మా" అన్నాను. ఆమె వినిపించుకోలేదు. పలుకు పప్పే ముగ్గురం తిన్నాం.

మర్నాడు పొద్దున, మంచు ఇంకా వరండా దాకా వచ్చి ఉండగానే, ఆమె నన్ను లేపింది. పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి.

"మొన్న ఏదో అన్నవు గద, గాలి బరువని. మల్ల చెప్పు. నాకు సమజయ్యేటట్టు చెప్పు."

పుస్తకంలో మాటలు పనికిరావని తెలుసు. గిన్నె మీద మూత పెట్టాను. "ఇగో, మూత బరువుగ ఉన్నదనుకోండ్రి. ఆవిరి దాన్ని లేపాలంటే లోపల చానా వేడి కావాలె. మూత అల్కగ ఉంటే జరంత వేడికే లేస్తది. మన జహీరాబాద్‌ల నీళ్ల మీద గాలి బరువు మూత. గీ కొండ మీద గాలి పల్చగ ఉంటది, అల్కటి మూత. నీళ్లు తొందరగ తెర్లుతయి, గానీ పప్పును ఉడకబెట్టేటంత వేడి ఎక్కదు."

ఆమె మూతను చేత్తో నొక్కి చూసింది, వదిలి చూసింది. మళ్లీ నొక్కింది.

"అయితే పప్పుల తప్పు లేదు."

"లేదు. మీ అన్న చేన్ల పప్పే. ఇంటికి పోయినంక వెన్నలెక్కనే ఉడుకుతది."

ఆమె ముఖం ఎలా తేటపడిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. కానీ అంతటితో వదిలే మనిషి కాదు. "మరి గీడ బతికేటోళ్లు పప్పు తినరా?" అంది.

అది ఏ పుస్తకంలోనూ లేదు. "నాకు తెల్వదు" అన్నాను.

"అయితే అడుగుదాం" అని లేచి, కాపలాదారు భార్య దగ్గరికి పోయింది. అరగంట తర్వాత చిన్న కాగితం పొట్లంలో వంటసోడా పట్టుకుని వచ్చింది. రాత్రే నానబెట్టాలట, చిటికెడు సోడా వేయాలట, మూత మీద రాయి పెట్టాలట. ఆమెది మైసూరు దిక్కు పల్లెటూరట, పెళ్లయి కొండ మీదికి వచ్చిన కొత్తలో పప్పు ఉడక్క ఏడ్చేదట.

"ఆమెను గూడ వాళ్ల అత్త తిట్టిందట. ఉప్పు ముందే ఏసినవని" అన్నది మా అత్తమ్మ. నా ముఖం చూడకుండా, సోడా పొట్లం విప్పుతూ అన్నది. మా ఇంట్లో అంతకన్నా ఎక్కువ క్షమాపణ నేను ఎప్పుడూ వినలేదు.

ఆ తర్వాత తలెత్తి చెప్పింది. "ఇన్నేండ్ల సంది వండుతున్నది గానీ ఎందుకు ఉడకదో ఆమెకు ఎరుక లేదు. నేను చెప్పిన. మా కోడలు చదువుకున్నది, అది చెప్పిందని చెప్పిన." అప్పుడు ఆమె గొంతులో గొప్ప ఉంది. నన్ను గురించి ఆమె గొప్పగా ఒక మాట అనడం అదే మొదలు. నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

ఆ మధ్యాహ్నం కూరగాయల బజారుకు పోయాం. మా ఆయన గోబిగడ్డల, అదే క్యాబేజీల, బేరానికి అవతలి వరుసలోకి పోయాడు. అంతలో వాన దంచి కొట్టింది. మేమిద్దరం ఒక రేకుల చూరు కిందికి చేరాం. ఆయన కోసం కూర్చుంటే కాదని తేల్చుకుని, నేనే అడిగేశాను. సీటు వచ్చిందని చెప్పాను, మెదక్ అని చెప్పాను, జులై ఒకటి అని చెప్పాను.

ఆమె చేతిలో క్యారెట్ కట్ట ఉంది. దాన్ని బుట్టలో పెట్టేసింది. "ఎన్ని దినాలు?"

"ఏడాది."

"పెండ్లయి ఆర్నెల్లు గాలె. ఊరు ఏమంటదో ఎరుకేనా?"

"ఊరికి నేను జవాబు చెప్పుకుంట అత్తమ్మా."

"ఊరు నిన్నెందుకు అడుగుతది? నన్నడుగుతది. కోడలేదీ అంటది. నువ్వు తరిమినవా, అదే పోయిందా అంటది. నేనేం చెప్పాలె?"

నాకు కోపం ఆగలేదు. "మీకు ఇష్టం లేదని చెప్పండ్రి, ఊరి మీద ఎందుకు పెడుతున్రు?"

"లేదు" అన్నది. ఒకే ఒక్క మాట. మళ్లీ క్యారెట్లు ఏరడం మొదలుపెట్టింది.

నేను చూరు కింది నుంచి బయటికి వచ్చి వానలో నిలబడ్డాను. వానలో ఏడిస్తే ఎవరికీ తెలియదు, అదొక్కటే ఊటీ నాకు చేసిన మేలు అనుకున్నాను. మా ఆయన రెండు గోబిగడ్డల్ని రెండు చేతుల్లో తూచుకుంటూ వచ్చి, మా ఇద్దరి ముఖాలూ చూసి, సంగతి గ్రహించి, గోబిగడ్డల్ని గట్టిగా పట్టుకుని నిలబడిపోయాడు. ఆ సాయంత్రం పొద్దుటినుంచి నానిన పప్పు మెత్తగా ఉడికింది. ముగ్గురం తలలు వంచుకుని తిన్నాం.

మర్నాడు తిరుగు ప్రయాణం. కొండ రైలులో నేను కిటికీ పక్కన కూర్చున్నాను, పక్కన మా ఆయన, ఎదురుగా మా అత్తమ్మ. ఆయన తెల్లవారి నుంచి నాతో ఏదో చెప్పాలని చూస్తున్నాడు. "ఇంటికి పోయినంక నేను మల్ల అడుగుత" అన్నాడు మెల్లగా. అడిగింది ఎవరో, అడగనిది ఎవరో ఆయనకే తెలుసు. నా మనసులో మెదక్ అప్పటికే అయిపోయింది. మా నాయనకు ఈ సంగతి ఎలా చెప్పాలా అన్నదే ఆలోచిస్తున్నాను.

కూనూరులో ఒక పెద్దావిడ బుట్టతో ఎక్కి మా అత్తమ్మ పక్కన కూర్చుంది. రెండు మాటల్లో ఇద్దరికీ కన్నడం కలిసింది. ఇక ఆగలేదు. ఏ ఊరు, ఎందుకొచ్చారు, ఎంతమంది పిల్లలు, అడగవలసినవన్నీ ఆవిడ అడుగుతోంది, మా అత్తమ్మ చెబుతోంది. నేను పట్టించుకోలేదు. ఆవిడ నా వైపు చూపించి ఏదో అడిగింది. సొసె అంటే కోడలని ఆ మూడు రోజుల్లో నాకు తెలిసింది. మా అత్తమ్మ జవాబు చెప్పింది. ఆ జవాబులో మెదక్ అన్న మాట వినిపించింది. వెంటనే ట్రైనింగ్ అన్న మాట కూడా.

నేను మా ఆయన్ని మోచేత్తో పొడిచాను. "ఏమంటున్రు?"

ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. గొంతు తగ్గించి చెప్పాడు. "పిల్లలు లేరా అని అడిగింది ఆమె. అప్పుడే పిల్లలేంది, నా కోడలు మెదక్‌ల ట్రైనింగ్‌కు పోతున్నది, పంతులమ్మ అయితది అని చెప్పింది అమ్మ."

ఎదురుగా ఆ పెద్దావిడ ముక్కు మీద వేలేసుకుని ఇంకేదో అంటోంది. మా ఆయన నేను అడగకుండానే చెప్పాడు. "ఏడాది విడిచి ఉంటదా, ఇంటి పని ఎవరు చేస్తరు అంటున్నది."

మా అత్తమ్మ ఏదో విసురుగా అంది.

"నాకు చేతులు లేవా అంటున్నది" అన్నాడు మా ఆయన.

ఆ పెద్దావిడ ఊరుకోలేదు. మళ్లీ ఒక ప్రశ్న వేసింది. ఈసారి మా అత్తమ్మ పైట సర్దుకుంది, నిటారుగా కూర్చుంది. అప్పుడు ఒక్కో మాటా విడివిడిగా, గట్టిగా, డబ్బాలో ఉన్నవాళ్లందరికీ వినబడేటట్టు చెప్పింది. చెప్పి, సరిగ్గా వచ్చిందా అన్నట్టు ఆవిడ ముఖం చూసింది.

"పెండ్లయి ఆర్నెల్లకే పోతున్నదా అని అడిగింది ఆమె" అన్నాడు మా ఆయన. "అది పోతలేదు, నేనే పంపిస్తున్న అని చెప్పింది అమ్మ."

ఊరికి చెప్పవలసిన జవాబు దొరికిందామెకు. జహీరాబాద్ చేరకముందే, ఎవరో తెలియని మనిషి ముందు ఒకసారి పలికి చూసుకుంది. నాకు దుఃఖం తన్నుకొచ్చింది. నిన్నటి ఏడుపు కాదు, ఆపాలని కూడా అనిపించని ఏడుపు. ముక్కు చీదుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ ముందుకు వంగాను.

"అత్తమ్మా, అయితే మీరు ఒప్పుకున్నట్టేనా?" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఆమెకు చెప్పిన గద. మల్ల నీకు వేరే చెప్పాల్నా?" అన్నది.